అన్నీ ఒక్కసారే లేస్తే

12 మే 2025, సోమవారం

ఈ డైరీ ఎవరికీ కాదు. పొరపాటున ఎవరైనా చదివితే వాళ్ల ఖర్మ.

గంగాధరప్ప సార్ ఈరోజు చావు కబురు చల్లగా చెప్పారు. ఆయన మా పరిశోధన కేంద్రానికి డైరెక్టర్. అనంతపురం నుంచి శింగనమల పోయే దారిలో ఉన్నాం. చుట్టూ చీని తోటలు, ఎండిపోయిన చేలు, మధ్యలో మేము. నేల తేమ, వాన, వేరుశనగ దిగుబడి, ఇవే మా లెక్కలు. పాత విత్తనాల గోడౌన్‌లో ఆరు సర్వర్లు పెట్టి, కాంట్రాక్టు మీద నన్ను వాటి ముందు కూర్చోబెట్టారు. ఏసీ ఎంత తిప్పినా ఆ గదిలో వేరుశనగ పొట్టు వాసన పోదు.

కబురు ఏమిటంటే, జూన్ 18న కమిటీ వస్తోంది. సైంటిస్టులు తమ డేటాను అనలైజ్ చేసుకునే ప్లాట్‌ఫామ్‌ను ఖాళీ మెషీన్ల మీద వాళ్ల కళ్ల ముందే ఎక్కించి చూపించాలట. అదీ సులువుగా, ఎవరైనా చేయగలిగేలా. లేదంటే ఆరు మెషీన్లూ హైదరాబాద్‌కు తరలిపోతాయి. మరి నా సంగతేంటి సార్ అన్నాను. మిషన్లే లేకుంటే నీకేం పనుంటాదమ్మా అని నవ్వారు. నవ్వొచ్చే మాటేనా అది?

14 మే

వనజాక్షి మేడమ్ పొద్దున్నే వచ్చి తన లాప్‌టాప్‌ను నా టేబుల్ మీద దబ్బున పెట్టింది. ఆవిడ వేరుశనగ సైంటిస్టు. ఏ మండలంలో ఎప్పుడు విత్తితే పంట దక్కుతుందో లెక్కగట్టి జూన్‌లో చెప్పాల్సింది ఆవిడే. నా లాప్‌టాప్‌లో ఒక జవాబొస్తాంది, నీ మిషన్లో ఇంకో జవాబొస్తాంది, యాది నమ్మల్ల అని అరిచింది. తప్పు ఆవిడది కాదు, నాదీ కాదు. ఒక్కో మెషీన్‌లో ఒక్కో వెర్షన్ ఉంది. ప్లాట్‌ఫామ్ ఎక్కించడానికి పాత ఇన్‌స్ట్రక్షన్లు నలభై పేజీలు ఉన్నాయి, అందులో సగం అబద్ధాలు. రాసిన మహానుభావుడు ఎప్పుడో మానేసి పోయాడు.

అందుకే కంటైనర్లు. ఒక్కో ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన సామాను మొత్తంతో ఒక డబ్బాలో కట్టేయడం. కోతల సుగ్గికి ఊరూరా పోయే కూలీలు పొయ్యి, గిన్నె, బియ్యం మూటగట్టుకుని పోతారు చూడు, ఏ చేలో దిగినా వండుకుంటారు, అలా. ఆ డబ్బాలను ఆరు మెషీన్లకూ పంచి, ఒకటి పడితే ఇంకొకటి లేపే మేస్త్రి పనే క్లస్టర్‌ది. ఇదంతా నేను ఒక్కదాన్నే చేయగలను. ఎవరూ అడ్డు రాకుంటే చాలు.

అడ్డు రానే వచ్చాడు. పేరు భరత్. హైదరాబాద్ కంపెనీ. "మీకు హెల్ప్‌గా ఉంటాడు" అన్నారు సార్. ఈ డెమో బాగా చూపిస్తే మిగతా కేంద్రాల పని కూడా వాళ్ల కంపెనీకే దక్కుతుందని ఆఫీసు మొత్తానికీ తెలుసు. నా ఫోల్డర్లు ఐదు నిమిషాలు చూసి, చాలా ఓల్డ్ స్కూల్‌గా ఉంది మేడమ్ అన్నాడు. మాతో హైదరాబాద్ తెలుగు. అమ్మకు ఫోన్ చేసి మాత్రం, ఈడ ఎండలు చంపతాండాయిమా, అంటున్నాడు. ధర్మవరం పట్టుచీరల షాపు వాళ్ల అబ్బాయట. మా మధ్య ఉంటూ మా మాట మాట్లాడటానికి ఏం పోయేకాలమో!

17 మే

ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. హాయిగా ఉంది.

20 మే, సాయంత్రం 4

ఎక్కింది! ఒక్క కమాండ్. నలభై పేజీల రామాయణం ఒక్క లైన్‌కు వచ్చింది. కమాండ్ కొట్టి టీ తాగి వచ్చేసరికి డేటాబేస్, లాగిన్ పేజీ, సైంటిస్టుల నోట్‌బుక్‌లు, అన్నీ పచ్చ రంగులో నవ్వుతున్నాయి. వనజాక్షి మేడమ్ లెక్క ఏ మెషీన్ మీద వేసినా ఒకటే జవాబు.

ఇంకో గొప్ప పని కూడా చేశాను. ఏ డబ్బా పడిపోయినా ఎవరూ చెప్పకుండా, తనంతట తానే వెంటనే లేచేలా పెట్టాను. మా ఊళ్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ పెడతారు కదా. కరెంటు ఎప్పుడొస్తుందని రైతు చేలో కాపలా కాయక్కర్లేదు, కరెంటు రాగానే మోటారు దానంతట అదే అందుకుంటుంది. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఇంజినీరింగ్ అదే.

వనజాక్షి మేడమ్‌ను పిలిచి చూపించాను. ఇంత దానికా ఇన్ని దినాలు చేసినావు అంది. ఒక్క మంచి మాట ఆ నోట్లోంచి వస్తే నోరేమైనా అరిగిపోతుందా? ఈ రాత్రి తన పెద్ద లెక్క మొదలుపెడుతుంది. మూడు రోజులు పడుతుందట.

23 మే

కొంప మునిగింది.

మా కరెంటు లైనూ, చుట్టుపక్కల తోటల లైనూ ఒకటే. తోటల మోటార్లకు త్రీ ఫేజ్ కరెంటు ఇచ్చేటప్పుడు మాకు ఒక క్షణం పోయి వస్తుంది. యూపీఎస్ బ్యాటరీలు చచ్చి ఏడాదైంది, కొత్తవాటి ఫైలు ఏ టేబుల్ మీద నిద్రపోతోందో దేవుడికి తెలియాలి. మూడు రోజులుగా తోటలకు త్రీ ఫేజ్ లేదు, ఈ మధ్యాహ్నం ఇచ్చారు. కరెంటు పోయింది, వచ్చింది. నా డబ్బాలన్నీ తమంతట తామే లేచాయి. అన్నీ. ఒక్కసారే. లేస్తూనే అన్నీ డేటాబేస్ మీద పడ్డాయి. అది ఇంకా కళ్లు నులుముకుంటోంది. జవాబు రాలేదని అన్నీ పడిపోయాయి. పడినవన్నీ వెంటనే మళ్లీ లేచాయి. మళ్లీ దాని మీదే పడ్డాయి. సాయంత్రం దాకా అదే తంతు. ఆ తొక్కిసలాటలో డేటాబేస్ పాడైంది. వనజాక్షి మేడమ్ మూడు రోజుల లెక్క బూడిదలో పోసిన పన్నీరు.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఎవురిని నమ్మినా నిన్ను నమ్మకూడదని ఇప్పుడు తెలిసె అని వెళ్లిపోయింది. భరత్ మాత్రం వెంటనే అందరికీ మెయిల్ పెట్టాడు. డిజైన్‌లో బేసిక్ ఫ్లా అట. ఎద్దు పుండు కాకికి ముద్దా? సార్ పిలిచి, కమిటీ ముందర ఇట్లయితే నా పరువేం కావల్ల, ఇంక అంతా భరత్ చూసుకుంటాడు, నువ్వు ఆయప్ప చెప్పినట్ల చెయ్యి అన్నారు.

ఆయప్ప చెప్పినట్టు! థూ.

25 మే, ఆదివారం, నల్లమాడ దగ్గర, మా ఊళ్లో

మనశ్శాంతి కోసం ఇంటికి వస్తే ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంది. ఊరి బయట దాని చుట్టూ రైతులు గుమిగూడి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. నాయనకూ, పక్క తోట వెంకటరాముడికీ మాట మాట పెరిగింది. నీ మోటారు వల్లే కాలిందని ఆయన, నీదేమన్నా గాలితో తిరుగుతాందా అని నాయన. లైన్‌మన్ గట్టు మీద కూర్చుని, అందురూ ఆటో స్టార్టర్లు పెట్టుకుండారు, కరెంటు రాంగానే అందురి మోటార్లూ ఒక్కసారే లేస్తే ఏ ట్రాన్స్‌ఫార్మరు తట్టుకుంటాదప్పా అన్నాడు. కొత్త మాటేమీ కాదు. ఏటా చెప్తాడు, ఏటా ఎవరూ వినరు.

నేను మాత్రం నిలబడిపోయాను. నా డబ్బాలూ ఇవే కదా. అచ్చంగా ఇవే. చిన్నప్పటి నుంచి ఈ ట్రాన్స్‌ఫార్మర్ కాలడం చూస్తూ, దాన్ని ట్రాక్టరుకెత్తి కదిరికి తీసుకుపోవడం చూస్తూ, పోయిపోయి ఆ ఆటో స్టార్టరునే తీసుకుపోయి సర్వర్ల గదిలో బిగించాను. ఇలాంటి తప్పు ఈ జిల్లా దానివైతే తప్ప చేయలేవు పద్మప్రియా.

చివరికి పెద్దవాళ్లు వంతులు పెట్టారు. ఆటో స్టార్టర్లు పీకేయాలి. ముందు పై తోటల వాళ్లు మోటార్లు వేయాలి, అవి నీళ్లు అందుకున్నాక కింది వాళ్లు. అందరూ తలలూపారు. ఇంటికి రాగానే నాయన, నేనొక్కడే పీకేస్తే నా వంతు నీళ్లు ఎంకటరాముడు తాగుతాడు, నా చీని చెట్లు ఎండల్ల, ఇదేనా నీ సదువు చెప్పేది అన్నాడు. నేనింకా నోరు తెరవనే లేదు! అయినా తెరిచాను. తిట్టుకున్నాం. ఈరప్ప కూతురు నోరు ఈరప్ప నోరే అని వీధిలో ఎవరో అన్నారట. అన్నం తినకుండా బస్సెక్కాను.

29 మే

ఊరి వాళ్లు పెట్టుకుని పాటించని వంతులు నా క్లస్టర్‌లో పెట్టాను. వీటికి నోరు లేదు కదా, చెప్పినట్టు వింటాయి.

కరెంటు వస్తే ముందు డేటాబేస్ ఒక్కటే లేవాలి. అది "నేను రెడీ" అన్నాకే లాగిన్ పేజీ. ఆ తర్వాత నోట్‌బుక్‌లు, అవి కూడా కొన్ని కొన్నిగా. మధ్యలో తెగిన పని ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. ఈ వంతుల ఫైల్‌ను ఎవరైనా పొరపాటున తీసేసినా అదే మళ్లీ వచ్చేలా పెట్టాను. భరత్ లాంటి చేతులు తిరిగే చోట అంత జాగ్రత్త ఉండాలి.

మెయిన్ స్విచ్ నేనే పీకాను. వేశాను. మళ్లీ పీకాను. ప్రతిసారీ వరసగా, బుద్ధిగా లేచాయి. ఒకటే చిక్కు, మొత్తం లేవడానికి పది నిమిషాలు పడుతోంది.

4 జూన్

స్లో అట. కమిటీ పది నిమిషాలు స్క్రీన్ వంక చూస్తూ కూర్చోదట. సింప్లిఫై చేయమంటే మీరు కాంప్లికేట్ చేశారు మేడమ్ అన్నాడు భరత్, అందరి ముందూ. వంతులు తీసేసిన వెర్షన్ చూపించాడు. అన్నీ ఒక్కసారే లేచాయి, అరనిమిషంలో స్క్రీన్ అంతా పచ్చగా. సార్ చప్పట్లు కొట్టారు. కరెంటు పోతే అన్నాను. డెమో రోజు ఎందుకు పోతుంది, నెగటివ్‌గా ఆలోచించకండి అన్నాడు. ఈ జిల్లాలో పుట్టి ఆ మాట అనడానికి నోరెట్లా వచ్చిందో. వనజాక్షి మేడమ్ కూడా, బిరీన అయ్యేదే బాగుండాది అంది. నాకు వంత పాడమని ఎవర్నీ అడగలేదులే.

డెమోకు భరత్ వెర్షన్. నేను పక్కన గమ్మున కూర్చోవాలి. సార్ అక్షరాలా గమ్మున అనే అన్నారు.

12 జూన్

అందరి పని పట్టే మాట ఒకటి నాకు తెలిసింది. గేటు దగ్గర ఇక్కడి లైన్‌మన్ చెప్పాడు, సరిగ్గా పద్దెనిమిదో తేదీ నుంచి మా లైన్‌కు త్రీ ఫేజ్ టైమ్ మారుతోంది. ఇకపై పగలు పదకొండుకు ఇస్తారు. డెమో పదిన్నరకు మొదలు. అంటే కమిటీ కుర్చీల్లో కూర్చుని చూస్తుండగా కరెంటు పోయి వస్తుంది.

సార్ గదికి వెళ్లాను. కరెంటు అనగానే చెయ్యి అడ్డం పెట్టి, మళ్లా అదే పాటనా, నీ పని నువ్వు చూసుకోమ్మా అన్నారు. సరే. నా పని నేను చూసుకుంటాను. పడిపోతే పడిపోనీ. భరత్ మొహం చూడాలి ఆ రోజు. కళ్లారా చూడాలి.

మెషీన్లు పోతాయి, ఉద్యోగం పోతుంది. తెలుసు. అయినా చూడాలి.

16 జూన్, మధ్యాహ్నం

వనజాక్షి మేడమ్ వచ్చింది. విత్తే తేదీల లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తోంది. డెమోకు రెండు మెషీన్లే ఖాళీ చేస్తారు, మిగతా నాలుగింటి మీద ఈవిడ లెక్క నడుస్తూ ఉంటుంది, గురువారానికి పూర్తవ్వాలి. వాన పడితే రైతులు ఎవరి మాట కోసమూ ఆగరు, విత్తేస్తారు. ఇదీ పోతే ఈ ఏడాదికి చెప్పడానికి ఏమీ ఉండదు.

ఆవిడ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ పిల్లోన్ని నేను నమ్మను, నిన్ను కూడా నమ్మను, కానీ నీకు ఈడ కరెంటు సంగతి తెలుసు, ఏదో ఒకటి చెయ్యి అంది. బతిమాలుకున్నట్టు కూడా లేదు, పని చెప్పినట్టు ఉంది. వెళ్లేటప్పుడు తలుపు కూడా వేయలేదు.

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే.

18 జూన్, ఉదయం 8:30

పెట్టేశాను. భరత్ కమాండ్ భరత్ కమాండే. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. మొదటిసారి ఎక్కేటప్పుడు అతని ఇష్టం వచ్చినట్టే, టకటకా. దాని కింద నా వంతులు. కరెంటు పోయి వస్తే మాత్రం నా మాటే చెల్లుతుంది.

అతని మొహం చూసే భాగ్యం నాకు లేదు.

18 జూన్, మధ్యాహ్నం 2

పదకొండు దాటి ఐదు నిమిషాలకు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. సార్ మొహం సున్నం కొట్టినట్టయింది. కరెంటు మళ్లీ వచ్చింది. భరత్ చెమట తుడుచుకుంటూ కీబోర్డ్ మీద చేతులు పెట్టి ఏం కొట్టాలో తెలియక అలాగే ఉన్నాడు. డేటాబేస్ లేచింది. ఒక్కటే. తర్వాత లాగిన్ పేజీ. తర్వాత నోట్‌బుక్‌లు. పది నిమిషాలు స్లో అన్నారు కదా, కమిటీలో ఒక్కరూ కుర్చీ కదపలేదు. చివరికి వనజాక్షి మేడమ్ లెక్క ఆగిన చోటు నుంచి మళ్లీ నడిచింది.

ఎవరూ ముట్టుకోకుండానే లేచాయే అని కమిటీ పెద్దాయన ఆశ్చర్యపోయాడు. ఇది మా సెల్ఫ్ హీలింగ్ డిజైన్ సార్ అన్నాడు భరత్. తడుముకోకుండా అన్నాడు! సొమ్మొకడిది సోకొకడిది. వంతులు నేను పెట్టాను అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ పిల్ల కూడా టీములో ఉండాదండీ అన్నారు గంగాధరప్ప సార్. అంతే. టీమ్!

పెద్దాయన ఇంకో ప్రశ్న అడిగాడు. దీన్ని చూసుకోవడానికి ఎవరైనా ఉండాలా అని. ఎవరూ అక్కర్లేదు, ఒక్క కమాండ్ చాలు అన్నాడు భరత్. సార్ తల ఊపారు.

21 జూన్

రిపోర్టు వచ్చింది. మెషీన్లు ఇక్కడే ఉంటాయి. ప్లాట్‌ఫామ్ నడపడానికి ప్రత్యేకంగా మనిషి అవసరం లేదు. నా కాంట్రాక్టు జూన్ 30తో సరి.

సార్‌ను అడిగాను. ఎవరు చేస్తే ఏమమ్మా, పని అయ్యె కదా, మిషన్లు ఈడే ఉండె కదా, నువ్వు కోరిందీ అదే కదా అన్నారు. నేను అంత సులువుగా చేయకుండా ఉండాల్సింది. నలభై పేజీలు అలాగే ఉంచితే ఇంకో పదేళ్లు తిండి దొరికేది.

28 జూన్

తీసేశాను.

గదిలో ఎవరూ లేరు. వంతుల ఫైల్ డిలీట్ కొట్టాను. నేను లేకుండా నా వంతులు వాళ్లకెందుకు? పదకొండుకు కరెంటు పోయి రానీ. అన్నీ ఒక్కసారే లేచి కాలిపోనీ. వాళ్ల సెల్ఫ్ హీలింగ్ భరత్‌ను పిలుచుకోనీ.

స్క్రీన్ ఒకసారి మిణుకుమంది. ఫైల్ మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. ఎవరు తీసినా మళ్లీ రావాలని మే నెలలో రాసింది నేనే కదా! దాన్ని కూడా తీసే దారి నాకు తెలుసు. ఐదు నిమిషాల పని. కుర్చీలో అలాగే కూర్చున్నాను. నవ్వు ఆగలేదు. ఇంత బాగా ఎందుకు చేశానో దరిద్రపుదాన్ని.

చేయలేదు. మంచితనం ఏమీ కాదు. నా పనిని నా చేత్తో చెడగొట్టడం నాకు రాదు.

30 జూన్

గేటు దగ్గర వనజాక్షి మేడమ్. విత్తే తేదీలు అన్ని మండలాలకూ పంపించినాను అంది. ఆ వంతుల పని నీదేనని నాకు ముందే తెలుసు అంది. మరి ఆ రోజు కమిటీ ముందు ఎందుకు చెప్పలేదు అన్నాను. నువ్వు అడగలేదు కదా అంది.

బస్సు వస్తే ఎక్కేశాను.

2 జూలై, ఉదయం 11:05, మా ఊరు

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మీదికి కరెంటు వచ్చింది. ఊళ్లో అన్ని మోటార్లూ ఒక్కసారే లేచాయి, నాయనది తప్ప. చేలో నుంచి తిడుతూ వస్తున్నాడు. ఆటో స్టార్టర్ నా ఒళ్లో ఉంది.